స్టేషన్‌లో డిపాజిట్ చేసిన తుపాకీకి తుప్పు పట్టింది: ఏ నూనె వాడాలి, ఏది వాడకూడదు?

పొలంగట్టు (ప్రకాశం జిల్లా)
అందరికీ నమస్కారం. మా నాన్నగారి 12 బోర్ డబుల్ బ్యారెల్ ఆయన పోయాక నా లైసెన్సు మీదికి వచ్చింది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ. పంట రక్షణ లైసెన్సు. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ రాగానే అందరిలాగే నేనూ పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేశాను. జూన్ 4న ఫలితాలు వచ్చాయి, తుపాకీ నా చేతికి వచ్చేసరికి ఆ నెలాఖరయింది. ఇంటికి తెచ్చి కవరు విప్పితే ప్రాణం ఉసూరుమంది. బ్యారెళ్ల మీద ఎర్రటి చుక్కలు. ట్రిగ్గర్ గార్డు మీద అచ్చంగా వేలిముద్ర ఆకారంలో తుప్పు. గొట్టంలోంచి వెలుతురుకి పెట్టి చూస్తే చివర్లో బూడిదరంగు చారలు.

ఇచ్చేముందు నేను ఊరుకోలేదు. డబ్ల్యూడీ-40 డబ్బా సగం కొట్టి, నాన్న వాడిన తోలు కవర్లోనే పెట్టి ఇచ్చాను. అయినా ఇలా అయింది. ఇప్పుడు తలా ఒకటి చెబుతున్నారు. మెకానిక్ ఇంజిన్ ఆయిల్ అంటాడు, టైలర్ మిషన్ నూనె అంటాడు, మా పెద్దమ్మ చింతపండుతో తోమితే తుప్పు పోతుంది అంటుంది. నాన్న కొబ్బరినూనె రాసేవారు. ఆన్‌లైన్‌లో చూస్తే సీసాల పేర్లు పది ఉన్నాయి, ధర వేలల్లో ఉంది. తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

బెల్‌ఆఫ్‌ఆర్మ్స్ (రిటైర్డ్ ఆర్మరర్)
బాబూ, ముందు తుపాకీ విరిచి (అంటే మడత దగ్గర తెరిచి) రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయో లేదో కళ్లతో చూడు, వేలు పెట్టి కూడా చూడు. తూటాలు వేరే గదిలో పెట్టు. ఆ తర్వాతే మిగతా మాట.

చింతపండు జోలికి పోకు. ఇత్తడి బిందెకు అది మంచిదే. తుపాకీ మీద నల్లగా నిగనిగలాడే పూత ఉందే, బ్లూయింగ్ అంటాం, అది కూడా ఒక రకం ఇనుప ఆక్సైడే. పులుపు తగిలితే తుప్పుతో పాటు అదీ పోతుంది. నిమ్మకాయ, వెనిగర్, బాత్రూమ్ యాసిడ్, అన్నీ అంతే. ఒకతను తన తుపాకీని నిమ్మచెక్కతో తోమి నా దగ్గరికి తెచ్చాడు. గొట్టం సగం నల్లగా, సగం స్టీలు గ్లాసులా తెల్లగా ఉంది. మళ్లీ పూత వేయించాల్సి వచ్చింది.

పైన చుక్కలకు పలచటి నూనె రాసి ఒక రాత్రి వదిలెయ్. పొద్దున తాతలనాటి రాగి కాణీ, అదే పాత నాణెం, ఉంటే దాని అంచుతో, నూనె మీదే మెల్లగా గీకు. రాగి ఉక్కు కంటే మెత్తన, తుప్పును లేపుతుంది కానీ గొట్టాన్ని గీరదు. గిన్నెలు తోమే స్టీలు పీచు వాడకు, అది ముతక. నాలుగు సున్నాల స్టీల్ వూల్ దొరికితే వాడొచ్చు, అదీ నూనెతోనే, వేలి బరువు మాత్రమే వేసి.

లోపలికి కిరోసిన్ చాలు. మేం బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో, ఏళ్లతరబడి అలాగే చేశాం. చిందీ (గొట్టం తుడిచే గుడ్డముక్క) తడిపి నాలుగైదు సార్లు లాగు, తర్వాత పొడి చిందీ తెల్లగా వచ్చేదాకా లాగు, చివర నూనె చిందీ ఒకటి. కిరోసిన్ మసిని కరిగిస్తుంది కానీ ఇనుమును ఒట్టిగా వదిలేస్తుంది. నూనె చిందీ మానేస్తే వానాకాలంలో రెండు రోజుల్లో ఎర్రబడుతుంది.

రసాయనం_మాస్టారు
డబ్ల్యూడీ-40 గురించి నేను చెబుతాను. ఆ పేరులోనే దాని పని ఉంది. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో, నీటిని తరిమేసే ద్రవం కోసం ప్రయత్నించి, నలభయ్యో ఫార్ములాకు కుదిరిందని ఆ పేరు పెట్టారు. అట్లాస్ రాకెట్ పైతొడుగుకు తుప్పు పట్టకుండా వాడారు. దానిలో ఎక్కువ భాగం ఆవిరయ్యే ద్రావకం. వానలో తడిసిన తుపాకీని వెంటనే ఆరబెట్టడానికి బాగా పనికొస్తుంది. కానీ ద్రావకం ఎగిరిపోయాక మిగిలే పొర బాగా పలచన. మూడు నెలల కాపలాకు అది సరిపోదు. పైగా మళ్లీ మళ్లీ కొడుతూ పోతే లోపలి యంత్రంలో దుమ్ముతో కలిసి జిగురులా పేరుకుంటుంది.

కొబ్బరినూనె సంగతి. పూర్వం వేరే దిక్కులేక వాడారు, ఇనుముకు గాలి తగలకుండా కొన్నాళ్లు కాపాడుతుంది కూడా. అయితే 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు తెల్లవారుజామున చేలో ఉన్నప్పుడు అదే లోపల మైనంలా ఉంటుంది. కొన్నాళ్లకు కంపు కొడుతుంది, అంటే పులిసి ఆమ్లాలు పుడుతున్నాయని అర్థం. నువ్వుల నూనె, ఆవనూనె ఇంకా తొందరగా బంకవుతాయి.

అవిసె నూనె ఈ గుణంలో అన్నిటినీ మించింది. గాలి తగిలితే గట్టి పొరగా మారిపోతుంది. అందుకే చెక్కకు అంత మంచిది, అందుకే ఇనుప భాగాలకు అంత చెడ్డది. బట్‌కు (తుపాకీ వెనక చెక్క భాగానికి) రాసేటప్పుడు చుక్క చుక్కగా అరచేత్తో రుద్దండి. ఒక హెచ్చరిక: అవిసె నూనె తడిసిన గుడ్డల్ని ముద్దగా చుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. తీగ మీద విప్పి ఆరేయండి.

ఆస్టిన్_తెలుగు
నేను టెక్సాస్‌లో ఉంటాను, ఇక్కడ ఈ సీసాలన్నీ వాడి చూశాను. పొలంగట్టు అన్నా, డబ్బు పెట్టేముందు ఇది చదవండి.

ఈ సీసాల్లో రకాలు మూడే. కరిగించేవి, జారుడునిచ్చేవి, తుప్పునుంచి కాపాడేవి. సీఎల్‌పీ అని రాసి ఉన్నవి మూడు పనులూ ఒకే సీసాలో చేస్తామంటాయి. అమెరికా సైన్యం స్పెసిఫికేషన్ పెట్టి వాడేది కూడా ఆ తరహాదే. రేంజ్ నుంచి వచ్చి పది నిమిషాల్లో తుడిచి పెట్టేయడానికి నాకు అది చాలు. కానీ బాగా పేరుకున్న మసి మీద ద్రావకం అంత వేగంగా పనిచేయదు, నెలల తరబడి దాచడానికి గ్రీజు అంత నమ్మకమూ కాదు.

హాప్పీస్ నంబర్ 9 అనేది 1903 నాటి నుంచి ఉన్న ద్రావకం. తుపాకీమందు మసికి మంచిది. దాన్ని నూనె అనుకుని లోపల వదిలేయకూడదు, తుడిచి తీరాలి. బాలిస్టాల్ జర్మనీది, 1904 నాటిది. నీళ్లలో కలిపితే పాలలా తెల్లగా కలిసిపోతుంది. ఇనుముకీ చెక్కకీ తోలుకీ హాని చేయదు. వాసన మాత్రం అందరికీ పడదు, మా ఆవిడ గ్యారేజీలోంచి ఇంట్లోకి రానివ్వదు.

రాగిని కరిగించే అమ్మోనియా ద్రావకాలు మీరు కొనొద్దు. అవి రాగి తొడుగు గుళ్లు వాడే రైఫిళ్లకు. మీ 12 బోర్‌లో సీసపు గుళ్లు, వాటి కింద ఉండే ప్లాస్టిక్ వాడ్ (అడ్డు), అంతే. లోపల రాగే లేనప్పుడు ఆ సీసా దండగ. రైఫిల్ ఉన్నవాళ్లకు ఒక మాట: ఆ ద్రావకంతో కంచు బ్రష్ వాడితే బ్రష్షే కరుగుతుంది. గుడ్డ ఎన్నిసార్లు లాగినా నీలంగానే వస్తుంది, గొట్టంలో ఇంకా రాగి ఉందనుకుని గంటలు గంటలు తోముతూ కూర్చుంటారు. నేనలా ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను. నైలాన్ బ్రష్ వాడండి.

మీరు చెప్పిన బూడిదరంగు చారలు తుప్పు కాకపోవచ్చు. చోక్ (గొట్టం మూతి దగ్గర సన్నబడే చోటు) దగ్గర ప్లాస్టిక్, సీసం పేరుకుంటే అలాగే కనిపిస్తుంది. ద్రావకం పోసి అరగంట ఆగి కంచు బ్రష్ తోయండి. పొరలు పొరలుగా వస్తే అదే.

బెల్‌ఆఫ్‌ఆర్మ్స్
ఆస్టిన్ బాబు చెప్పింది నిజం. ఒక్కటి కలుపుతాను. ద్రావకం కరిగించలేనిది ఒకటుంది, ఉప్పు. పాత .303 రైఫిల్ తూటాల ప్రైమర్‌లో (అడుగున నిప్పు పుట్టించే మందులో) పొటాషియం క్లోరేట్ ఉండేది. కాల్చాక అది గొట్టంలో ఉప్పులా మిగిలి గాల్లో తేమను పీల్చేది. నూనె రాస్తే ఉప్పు మీద నూనె కూర్చుంటుంది, ఉప్పు కింద తుప్పు మొదలవుతుంది. అందుకే మేం కాల్పులయ్యాక గరాటు పెట్టి సలసల కాగే నీళ్లు పోసేవాళ్లం. గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కి దానంతటదే ఆరేది. తర్వాతే చిందీ, నూనె. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు తుపాకీలో నీళ్లా అని బెదిరిపోయేవారు.

ఆస్టిన్_తెలుగు
ఇక్కడ పాత మిలటరీ మిగులు తూటాలు కాల్చేవాళ్లం ఇప్పటికీ అదే చేస్తాం బాబాయ్, వేణ్ణీళ్లే.

పాయింట్‌టూటూ (హైదరాబాద్)
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నేను గచ్చిబౌలిలో .22 రైఫిల్ ప్రాక్టీసు చేస్తాను, మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. మా బాధ ఇంకోలా ఉంటుంది. ఎక్కువ శుభ్రం చేసి చెడగొట్టుకుంటాం.

.22 తూటాకు సీసపు గుండు మీద మైనం లాంటి పూత ఉంటుంది. గొట్టంలో ఆ పూత సమంగా పరుచుకున్నాకే గుళ్లు ఒకచోట పడతాయి. ఎన్‌సీసీలో నేర్పినట్టు రోజూ తోమేసి మ్యాచ్‌కి వెళ్తే మొదటి గుళ్లు అటూ ఇటూ పోతాయి. నేను తుడిచాక పది పదిహేను గుళ్లు ఊరికే కాల్చి, తర్వాతే స్కోరు లెక్కపెట్టుకుంటాను. తుడిచేటప్పుడు తూటా పెట్టే వైపు నుంచే రాడ్ పంపాలి. మూతి అంచు అరిగితే గురి పోయినట్టే, దానికి ఏ నూనే మందు కాదు.

ఎయిర్ రైఫిల్ ఉన్నవాళ్లు మాత్రం ఇది గుర్తుపెట్టుకోండి. సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో గాలి ఉంటుంది. పైన చెప్పిన నూనెల్లో ఏ పెట్రోలియం నూనె అయినా ఆ గాలిదారిలోకి వెళ్తే డీజిల్ ఇంజిన్‌లో జరిగినట్టు మండే ప్రమాదం ఉంది. ఓ-రింగులకు (గాలి బయటికి పోకుండా ఆపే రబ్బరు వలయాలకు) కంపెనీ చెప్పిన సిలికాన్ గ్రీజు, అదీ బియ్యపు గింజంత. గొట్టం తుడవడానికి ఒట్టి ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) పెల్లెట్లు. ఒక పేరెంట్ సీఎల్‌పీ స్ప్రే తెచ్చి పిల్లాడి రైఫిల్ మీద కొట్టబోతుంటే కోచ్ పరుగెత్తుకొచ్చి ఆపారు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను, నా చేతులు వణికాయి.

సాగరతీరం (కాకినాడ)
నూనె ఏదైనా, తోలు కవర్లో పెడితే వృథా. పదును చేసిన తోలులో ఉప్పులూ ఆమ్లాలూ ఉంటాయి, తేమనూ పట్టి ఉంచుతుంది. మోసుకెళ్లడానికి కవరు, దాచడానికి కాదు. మా ఊళ్లో ఉప్పుగాలికి గేటు గొళ్లేలే ఆరు నెలలు ఉండవు. నేను ఇనుప బీరువాలో సిలికా జెల్ పెడతాను. నెలకోసారి తీసి పెనం మీద సన్న సెగన వేడిచేసి మళ్లీ పెడతాను.

వేలిముద్ర తుప్పు నాకూ పడింది. చెమటలో ఉప్పు. చూడ్డానికి తీసినవాళ్లంతా పట్టుకుంటారు కదా, పెట్టేముందు నూనెగుడ్డతో తుడవడం అలవాటు చేసుకోండి.

ఇంకోటి. బ్యారెల్ మూతి కిందికి పెట్టి నిలబెట్టండి, కింద గుడ్డ వేసి. నిండా నూనె కొట్టి మామూలుగా నిలబెడితే నూనె దిగి దిగి చెక్కలోకి ఇంకుతుంది. మా మావయ్యగారి తుపాకీకి లాక్ (కాల్చే యంత్రం) వెనకాల చెక్క నల్లబడి, గోరుతో నొక్కితే దిగేంత మెత్తబడింది. అక్కడే విరిగింది కూడా.

పొలంగట్టు
ఇంజిన్ ఆయిల్, మిషన్ నూనె సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఉన్నవి అవే.

రసాయనం_మాస్టారు
మిషన్ నూనె శుభ్రమైన ఖనిజ నూనె. ట్రిగ్గర్ దగ్గర, లాక్‌లో ఒక్కో చుక్కకు బాగుంటుంది. పలచన కాబట్టి జారిపోతుంది, తుప్పు కాపలాకు తరచుగా రాయాలి. కొత్త ఇంజిన్ ఆయిల్ కూడా తప్పేం కాదు. కాలిన ఆయిల్ మాత్రం వద్దు. బండి ఇరుసుకు, దూలాలకు రాస్తారని తుపాకీకి రాసేరు. దానిలో ఆమ్లాలు, ఇనుప రజను ఉంటాయి, సాన పట్టినట్టే. విరిచే చోట ఉండే హింజ్ పిన్‌కు నూనె నిలవదు, అక్కడ గ్రీజే. గోరంత చాలు.

పెట్రోలుతో ఎప్పుడూ కడగకండి. కిరోసిన్ అయినా ఆరుబయట, పొయ్యికి దూరంగా.

పొలంగట్టు (పదిరోజుల తర్వాత)
చేశాను. మీ అందరికీ రుణపడి ఉంటాను.

కిరోసిన్ చిందీలు పద్దెనిమిది పట్టాయి. మొదటిది కాటుకలా వచ్చింది. చోక్ దగ్గర కంచు బ్రష్ పెట్టి తిప్పితే పెన్సిల్ చెక్కినట్టు బూడిదరంగు పొరలు రాలాయి. అంటే తుప్పు కాదు, ఆస్టిన్ తమ్ముడు చెప్పినట్టు ప్లాస్టిక్కూ సీసమూ. నాన్న కాలం నుంచి పేరుకుని ఉంటుంది. ఇప్పుడు గొట్టంలో చూస్తే గుండ్రటి వెలుగు వలయాలు కనిపిస్తున్నాయి. పైన చుక్కలు రాగి కాణీతో చాలావరకు పోయాయి. రెండు మాత్రం గుంట పడ్డాయి, వేలితో తడిమితే తెలుస్తోంది. అవి ఇక ఉంటాయి.

చివరికి కొన్నవి మూడే: చిన్న బాలిస్టాల్ సీసా, మిషన్ నూనె, గ్రీజు డబ్బా. ఒక సందేహం మిగిలింది. మళ్లీ ఎన్నికలొస్తే డిపాజిట్‌కు ముందు గొట్టంలో గ్రీజు రాయొచ్చా?

బెల్‌ఆఫ్‌ఆర్మ్స్
రాయొచ్చు, బయటా లోపలా పలచగా. లాక్‌లో వద్దు, బిగుసుకుంటుంది. అయితే గ్రీజు ఉన్న గొట్టంతో కాలిస్తే ఒత్తిడి పెరుగుతుంది, గొట్టం ఉబ్బొచ్చు, పగలొచ్చు. తిరిగి తెచ్చుకున్న రోజే పొడి చిందీ వచ్చేదాకా లాగెయ్. మరిచిపోకుండా ఒక అట్టముక్క మీద రాసి ట్రిగ్గర్ గార్డుకు కట్టు.

పొలంగట్టు
కట్టడానికి అట్టముక్క ఇప్పుడే రాసి గ్రీజు డబ్బా మూతలో పెట్టాను బాబాయ్. "గొట్టంలో గ్రీజు ఉంది, తుడవకుండా తూటా పెట్టవద్దు." మా అబ్బాయికి కూడా చూపించాను.