మల్లె తైలం పులుస్తోంది, నువ్వుల పొరల పద్ధతి తెలిసినవాళ్లు చెప్పరా?

కర్పూర వసంతరాయలని పేరుపడ్డ కొండవీటి కుమారగిరి రెడ్డి తలపుతో మల్లె, పచ్చకర్పూరం కలిపిన తైలం ఇది. కడియం వైపు మల్లెలు. సాయంత్రం కోసిన మొగ్గలు 50 గ్రాములు, రాత్రి విచ్చాక 200 మి.లీ. నువ్వుల నూనెలో వేసి రోజూ పూలు మారుస్తున్నాం. నాలుగో రోజుకి సీసా అడుగున తెల్లగా నీటి చుక్కలు, మూత తీస్తే పులిసిన వాసన. పూల తేమే కారణం. ఈ గోదారి గాలికి రేకుల చెమ్మ ఓ పట్టాన పోదు, మరీ ఆరబెడితే పరిమళమే పోతుంది. అందుకే పొట్టు తీసిన నువ్వుల మధ్య పూలు పొరలుగా పరిచి, తర్వాత గానుగ ఆడించడమే మేలనిపిస్తోంది. కిలో నువ్వులకి పూలెన్ని? ఎన్ని రాత్రులు మార్చాలి? కర్పూరం అర గ్రాము వేసినా మల్లెను మింగేస్తోంది, ఎంతకి తగ్గించాలి? చేసి చూసినవాళ్లు దయచేసి కొలతలతో చెప్పండి.