కొట్టుకున్న ఇంటర్ పిల్లల మీద రౌడీషీటు తెరవాలా?

ఏడురోడ్లు: మన కడపలో ఇంటర్ పిల్లలు బస్టాండ్ దగ్గర బెల్టులు తీసి కొట్టుకుంటున్నారు. స్టేషన్‌కు పిలిచి కౌన్సెలింగ్ ఇచ్చి పంపితే వారం తిరక్కుండా మళ్లీ అదే గొడవ. ఒకడి మీద షీటు తెరిస్తే మిగతావాళ్లు దారికొస్తారని నా అభిప్రాయం. మీరేమంటారు?

పెన్నాఒడ్డు: 18 నిండనివాడి కేసు జువైనల్ జస్టిస్ బోర్డుకు పోతుందన్నా. 2015 చట్టం ప్రకారం, 16 దాటినవాడు కనీసం 7 ఏళ్ల శిక్ష పడే నేరం చేస్తేనే పెద్దవాళ్లలాగా విచారించాలా అని బోర్డు ఆలోచిస్తుంది. అయినా మన సీమలో షీటుంటే భయపడేదెవరు? ఎన్నికలొస్తే బండికి పెట్రోలు పోయించి వెంట తిప్పుకునేవాళ్లు తయారుగా ఉంటారు, వాడు దాన్నే గొప్పగా చెప్పుకుంటాడు.

ఏడురోడ్లు: చట్టం సరే తమ్ముడూ, దెబ్బలు తిన్న పిల్లాడి అమ్మకు ఏం చెప్తావ్?

పెన్నాఒడ్డు: ఆమె ఫిర్యాదు ఇవ్వాల్సిందే, కేసు నడవాల్సిందే. నా బాధ ఆ రాత్రి గురించి. మా కాలేజీ దగ్గర బైకు తగిలిందని మొదలైన గొడవ ఒక చెంపదెబ్బతో పోయేది, గంటలో వీడియో ఇన్‌స్టాలో పడింది, కింద "ఊరుకుంటావా", "పార్ట్ 2 ఎప్పుడు" అని కామెంట్లు. దెబ్బ తిన్నోడు అన్నం ముట్టకుండా అవే చదువుకుంటూ కూర్చుని మర్నాడు నలుగురిని వెంటేసుకొచ్చాడు. ఆ రాత్రి వాడింటికి వెళ్లి మాట్లాడినవాళ్లు ఒక్కరూ లేరు. షికాగోలో 2000లో గ్యారీ స్లట్‌కిన్ అనే డాక్టర్, హింస అంటువ్యాధిలా పాకుతుందని చెప్పి, కుర్రాళ్లు మాట వినే ఆ వీధి మనుషులనే పంపి ఎదురుదాడులు ఆపించే పని మొదలుపెట్టాడు. మనమూ ఆ పని చేయొచ్చు కదా?

అనంతలెక్చరర్: ఆలోచన మంచిదే, కానీ ఇక్కడ రాజీ అంటే ఎవరి వెనక జనం ఎక్కువుంటే వాళ్ల మాటే చెల్లుతుంది. ఫ్యాక్షన్ ఊళ్లలో పెద్దమనుషులు చేసిన రాజీలు ఎన్నాళ్లు నిలిచాయో మనకు తెలియదా! వెళ్లే మనిషికి పార్టీతో, కులపెద్దలతో సంబంధం ఉండకూడదు. మా దగ్గరైతే పీడీ సార్ మాట వింటారు, రోజూ గ్రౌండ్‌లో వాళ్లతోనే ఉంటాడు కాబట్టి.

ఏడురోడ్లు: పీడీ సార్ రాత్రిపూట వెళ్తే ఆయనకేమైనా అయితే కాలేజీ అండగా నిలబడుతుందా మేడం? ముందు అది తేల్చండి. ఆ వీడియో పెట్టినోడి తల్లిదండ్రులను కూడా పిలిపించాలి, వాడినెవరూ అడగడం లేదు.