లెవెల్ నార్మల్‌కి వచ్చిన బాలింతకు రెండు వారాల ట్రానెక్సామిక్ అవసరమా?

కాన్పుగది:
టైప్ 1 వాన్ విల్లెబ్రాండ్ జబ్బు (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విల్లెబ్రాండ్ అనే ప్రోటీన్ తక్కువగా ఉండే పుట్టుజబ్బు) అనుకోండి. గర్భం రాకముందు విల్లెబ్రాండ్ యాక్టివిటీ, అంటే ఆ ప్రోటీన్ పనితీరు, 35 శాతం; గర్భం 34వ వారంలో 90. కాన్పయ్యాక ట్రానెక్సామిక్ యాసిడ్ (రక్తస్రావం తగ్గించే మందు) మాత్రలు రెండు వారాలు రాసేస్తున్నారు. నా లెక్కలో ఇది అతి. 50 దాటితే ఎపిడ్యూరల్‌కే (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందుకే) ఒప్పుకుంటున్నాం కదా! పైగా బాలింతకు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు మామూలుగానే ఎక్కువ.

ల్యాబ్‌బల్ల:
90 నార్మల్ ఎవరికి? గర్భం లేని మనిషికి. ఆ జబ్బు లేని నిండు గర్భిణికి 200 దాటడం మామూలే. పైగా మీరు చూసింది 34వ వారం అంకె, రక్తం పోయేది కాన్పు తర్వాత. పెరిగిన లెవెల్ ఒకటి నుంచి మూడు వారాల్లో మళ్లీ 35కి దిగిపోతుంది, అప్పటికి మాయ ఊడిన చోటు పూర్తిగా మానదు. అందుకే ఇలాంటి వాళ్లకు ఇంటికి వెళ్లాక రక్తస్రావం తిరగబెడుతుంది. (శాంపిల్ ఐస్‌లో పెట్టి పంపకండి, యాక్టివిటీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా ఐస్‌డబ్బాలోనే వస్తుంది.)

కాన్పుగది:
దిగుతుందని ఒప్పుకుంటా. కానీ మందు భద్రతకు అందరూ చూపించేది కాన్పు తర్వాత అతిగా రక్తం పోతున్నవాళ్ల మీద చేసిన 2017 నాటి ఉమన్ ట్రయల్. అందులో సిర ద్వారా 1 గ్రాము, ఆగకపోతే ఇంకో గ్రాము, అంతే. గడ్డలు పెరగలేదన్నది ఆ డోసుకే. 14 రోజుల కోర్సుకు అది రుజువెలా అవుతుంది?

రక్తవిభాగం:
ఆ పాయింట్ సరైనదే. ఈ జబ్బు మీద 2021లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనూ ఈ మాత్రల కోర్సు గట్టి సిఫారసు కాదు, బలహీనమైన ఆధారాల మీద చేసిన సూచన. కిలోకు 25 మిల్లీగ్రాములు, అంటే సుమారు 1 నుంచి 1.3 గ్రాములు, రోజుకు మూడుసార్లు, 10 నుంచి 14 రోజులు. అయినా నేను ఇవ్వడం వైపే. గతంలో గడ్డ కట్టినవాళ్లకు ఇవ్వను. కిడ్నీ పనితీరు తగ్గితే డోసు తగ్గించాలి. మూత్రంలో రక్తం పడుతుంటే ఆగాలి, గడ్డలు మూత్రనాళాన్ని మూసేయొచ్చు. పాలివ్వడం మానక్కర్లేదు.

నాకు మందుకన్నా భయం డిశ్చార్జ్ చీటీ. నొప్పికి అలవాటుగా డైక్లోఫెనాక్ రాసేస్తారు, దాంతో రక్తం ఆపే ప్లేట్‌లెట్ల పని దెబ్బతింటుంది. పారాసిటమాల్ రాయండి. గంటలో ప్యాడ్ తడిసిపోతే వెంటనే రమ్మని చీటీ మీదే రాసివ్వండి.

ల్యాబ్‌బల్ల:
ఈ చర్చంతా టైప్ 1కే. ఆ ప్రోటీన్ దాదాపు లేని టైప్ 3లో లెవెల్ పెరగదు. టైప్ 2బి అనే ఇంకో రకంలో ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోవచ్చు. హీమోఫీలియా బి అనే వేరే రక్తస్రావ జబ్బు జన్యువును మోసే క్యారియర్‌కు, ఫ్యాక్టర్ 9 (ఆ జబ్బులో తగ్గే గడ్డకట్టించే ప్రోటీన్) గర్భంలో పెద్దగా పెరగదు, ‘గర్భంలో అదే సర్దుకుంటుంది’ అని వదిలేస్తే మునిగినట్టే.

కాన్పుగది:
సరే, 35 ఉన్న మనిషికి పది రోజులు ఒప్పుకుంటా. మొదటి నుంచీ 48 ఉండి, ముందు కాన్పులో ఏ ఇబ్బందీ లేకుండా, ఈసారి సిజేరియన్ అయి, బరువు కూడా ఎక్కువున్న మనిషికి మాత్రం రాయను, ఆ రెండూ గడ్డల ముప్పు పెంచేవే.

రక్తవిభాగం:
ఆ మనిషికి నేనూ ముందు రక్తస్రావం చూసే నిర్ణయిస్తా. వారానికోసారి ఫోన్ చేసి కనుక్కునే ఏర్పాటు ఉంటేనే సుమా.