స్నాతకోపన్యాసంలో ‘నో ఇతరాణి’

అందరికీ నమస్కారం. వారం రోజులుగా ‘స్నాతకోత్సవం’ అన్న మాట నన్ను వదలడం లేదు. మీ ముందు పెడుతున్నాను.

మా వైపు స్నాతకం అనగానే పెళ్ళే గుర్తొస్తుంది. స్నాతకం అయ్యాక పెళ్ళికొడుకు గొడుగూ చేతికర్రా పట్టుకుని కాశీకి బయల్దేరతాడు. బావమరిది గడ్డం కింద బెల్లంముక్క పెట్టి, బతిమాలి వెనక్కి తీసుకొస్తాడు. విశ్వవిద్యాలయంలో గౌను వేసుకుని పట్టా పుచ్చుకునే వేడుకకీ ఇదే పేరు. రెండింటికీ మూలం స్నానమే, గురుకులంలో చదువు పూర్తయినవాడు చేసే స్నానం. అది చేసినవాడు స్నాతకుడు. స్నాతకోత్తర విద్య అన్న మాటా ఇందులోంచే వచ్చింది. డిగ్రీ అయినవాణ్ణి హిందీలో స్నాతక్ అంటారు. మనం మాత్రం పట్టభద్రుడు అంటాం, శాసనమండలి ఎన్నికల్లో ‘పట్టభద్రుల నియోజకవర్గం’ అని వింటూనే ఉంటాం కదా.

ఆ స్నాతకుడికి గురువు చివరిగా ఏం చెప్పేవాడో తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, పదకొండో అనువాకంలో ఉంది. సత్యం వద, ధర్మం చర, మాతృదేవో భవ... ఇవి అందరికీ నోటికి వచ్చినవే. వీటి పక్కనే ఉన్న ఈ మాట దగ్గర ఎందుకో మనం ఆగం:

యాన్యస్మాకం సుచరితాని, తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి.

మేం చేసినవాటిలో మంచివే నువ్వు పాటించు, తక్కినవి వద్దు. అన్నేళ్ళు చదువు చెప్పిన మనిషి, శిష్యుడు గడప దాటేవేళ, మాలోనూ తప్పులుంటాయి, ఏరుకో అంటున్నాడు. ఏరుకునే తెలివి ఆ కుర్రవాడికి వచ్చిందని గురువే ఒప్పుకున్నట్టు కదా! ‘నువ్వు సాధించగలవు’ అని వందసార్లు వినడం కంటే ఇలా ఒక్కసారి వినడమే పిల్లలకు ఎక్కువ నిబ్బరాన్నిస్తుందని నా నమ్మకం.

నా సంగతి ఒకటి చెప్పాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజనీరింగు రెండో ఏడు సెమినార్లో నాలుగు వాక్యాలు చెప్పి, ఐదోది నోట్లోంచి రాక కూర్చుండిపోయాను. ‘కాగితం చూడకుండా మాట్లాడలేనివాళ్ళు ఇంజనీర్లు ఎలా అవుతారు’ అన్నారు లెక్చరర్. ఆ ఏడాదంతా మళ్ళీ చెయ్యెత్తలేదు. తర్వాత హాస్టల్లో ఒక సీనియర్ కంప్యూటర్లో ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ ఉపన్యాసం చూశాను, 2005 జూన్ 12న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో ఇచ్చినది. తను కాలేజీ చదువు పూర్తి చెయ్యలేదని మొదట్లోనే చెప్పేశాడు. అయితే నన్ను పట్టుకున్నది అది కాదు. ఆయన కాగితం చూసి చదువుతున్నాడు! తల దించడం, రెండు వాక్యాలు చదవడం, తల ఎత్తడం, మళ్ళీ దించడం. అన్ని వేలమంది ముందు. తర్వాతి సెమినార్‌కి నేనూ కాగితం పట్టుకుని వెళ్ళాను. చేతులు వణికాయి కానీ చివరి వాక్యం దాకా చదివాను. లెక్చరర్ చెప్పిన పాఠం ఇప్పటికీ నాకు పనికొస్తోంది, ఆ రోజు అన్న మాట మాత్రం అక్కడే వదిలేశాను. నో ఇతరాణి.

మీరేమంటారు?

*

మంచి మాట ఎత్తారండీ. ఆ ‘నో’ని పిల్లలు ఇంగ్లీషు నో అనుకుంటారు. న, ఉ కలిసి నో. అదే అనువాకంలో ‘స్వాధ్యాయాన్మా ప్రమదః’ అని కూడా ఉంది. తెలుగులో ప్రమాదం అంటే ఆపద. అక్కడ మాత్రం ఏమరుపాటు. చదువు విషయంలో ఏమరకు అని అర్థం. ఏమరుపాటే ఆపదగా మారిందన్నమాట మన భాషలో.

*

మీ అన్వయం బాగుంది కానీ ఒకవైపే లాగారనిపించింది. అక్కణ్ణించి కొంచెం ముందుకు వెళ్ళండి. ‘అథ యది తే కర్మవిచికిత్సా వా’ అని వస్తుంది. విచికిత్స అంటే సందేహం. చేసే పనిలో నీకు సందేహం కలిగితే, ఆలోచనాపరులైన, కరకుతనం లేని పెద్దలు అక్కడ ఎలా నడుచుకుంటారో చూసి అలా నడుచుకో అన్నాడు. పూర్తిగా నీ ఇష్టం అనలేదు.

*

నిజమేనండీ, ఆ భాగం వదిలేశాను. కానీ చూడండి, సందేహం రాకూడదు అనలేదు, వస్తే ఏం చెయ్యాలో చెప్పాడు. ‘కరకుతనం లేని’ అని మీరు గుర్తుచెయ్యడం మరీ బాగుంది. మూలంలో ‘అలూక్షాః’ అని ఉంది. ఎవరిని చూసి నడవాలో అన్నది కూడా ఏరుకోవలసిందే కదా.

*

జాబ్స్ ఆ ఉపన్యాసం చివర్లో ‘స్టే హంగ్రీ, స్టే ఫూలిష్’ అంటాడు. ఒక పాత పత్రిక ఆఖరి సంచిక వెనక అట్ట మీద చూసిన మాటట. దీన్ని తెలుగులో ఎలా అంటారు? ‘ఆకలిగా ఉండు, మూర్ఖంగా ఉండు’ అని ఎక్కడో చదివి బాధేసింది.

*

మూర్ఖుడు అంటే మనకి చెప్పినా విననివాడు, అది కుదరదు. ‘అమాయకంగా’ అన్నా చప్పబడిపోతుంది. నాకైతే ‘పిచ్చి’ దగ్గరగా ఉంది. పుస్తకాల పిచ్చి, పాటల పిచ్చి అంటాంగా, అందులో తిట్టు కంటే మురిపెమే ఎక్కువ. ‘ఆకలి చంపుకోకు, పిచ్చి వదులుకోకు.’ మా తమ్ముడి కూతురి డిగ్రీ పట్టా వచ్చే నెలలో. దాని పుస్తకం మొదటి పేజీలో ఇదీ, కింద ‘యాన్యస్మాకం’ కూడా రాసిద్దామని ఉంది. ‘త్వయోపాస్యాని’ని త్వయా, ఉపాస్యాని అని విడదీసి రాస్తే దానికి సులువుగా ఉంటుందేమో, చెప్పండి.