‘ఒంటరి’ అనకుండా ఏమనాలి?

టెక్కలి నుంచి: నలుగురిలో కూర్చోవడం కన్నా ఒక్కడే ఉండటం ఇష్టపడే మనిషి. దిగులు లేదు, ఎవరి మీదా కోపం లేదు. ‘ఒంటరి’ అంటే చదివినవాళ్లు జాలిపడతారు. ‘ఏకాకి’ అన్నా అంతే. వ్యాసంలో వాడుకోడానికి మంచి మాట చెప్పండి మాస్టారూ.

విజయనగరం నుంచి: మాటలో జాలేం లేదండీ. ఒంటికి ‘అరి’ చేరింది, నేర్పరిలో ఉన్నదే. జాలంతా ‘ఒంటరితనం’ దగ్గర పేరుకుంది. ‘కోరుకున్నాడు’, ‘వేధిస్తోంది’ రెండూ తగిలించి చూడండి. ‘ఏకాంతం కోరుకున్నాడు’ కుదిరింది. ‘ఏకాంతం వేధిస్తోంది’ పంటికింద రాయి. ఒంటరితనానికి సరిగ్గా తిరగేసి.

కాకపోతే ఏకాంతానికి ఒక్కరే ఉండాలన్న షరతు లేదు. ‘మీతో ఏకాంతంగా మాట్లాడాలి’ అంటే ఇద్దరున్నట్టే. 2020లో తిరుమల బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా చేశారు. అర్చకులున్నారు, లేనిది జనం.

చీపురుపల్లి నుంచి: ‘ఏకాకి’ని తీసిపారేయకండి. గీత ఆరో అధ్యాయంలో యోగి ‘రహసి స్థితః, ఏకాకీ’. అక్కడది సాధన, దిక్కులేనితనం కాదు. రహస్ అంటే జనం లేని చోటు. మన ‘రహస్యం’ దాన్నుంచి వచ్చిందే.

మీ మనిషికి అచ్చంగా సరిపోయేది పదమూడో అధ్యాయంలో ఉంది: ‘వివిక్తదేశసేవిత్వమరతిర్జనసంసది’. విడదీస్తే వివిక్త దేశ సేవిత్వం (జనం లేని చోట ఉండటం), అరతిః, జన సంసది (జనం గుంపులో). చాలామంది తప్పేది ‘అరతి’ దగ్గర. దాన్ని ద్వేషమని చెప్పేస్తారు. రతి లేకపోవడం అరతి, అంటే జనం గుంపు మీద మోజు లేకపోవడం, అంతే. పైగా దీన్ని జ్ఞానలక్షణాల్లో లెక్కేశారు. వివిక్తం, వివేకం ఒకే ధాతువు నుంచి వచ్చాయి, రెంటిలోనూ ఉన్నది వేరుచేయడమే. అయినా ‘వివిక్తసేవి’ అని రాస్తే టీకా కూడా మీరే రాసుకోవాలి.

బొబ్బిలి నుంచి: ‘ఏకాంతప్రియుడు’ ఉందిగా? ఆడవాళ్ల దగ్గరే చిక్కు. ‘ఏకాంతప్రియురాలు’ అంటే కథ వేరే దారి పట్టేస్తుంది! బహువచనంలో ‘ఏకాంతప్రియులు’ అనేస్తే గొడవ లేదు. ‘అంతర్ముఖుడు’ వద్దు, అది స్వభావం పేరు. అంతర్ముఖుడికి ప్రాణస్నేహితులుండొచ్చు, వారంవారం కలవొచ్చు. ‘ముభావం’ ఆ పూట మూడ్. ‘ఒంటెత్తు పోకడ’ ఎవరి మాటా విననితనం; వాడు పదిమంది మధ్య కూర్చునే ఆ పని చేస్తాడు.

శ్రీకాకుళం నుంచి: ఇంత దూరం ఎందుకు బాబూ? మన వీధిలో అనేది ‘ఆడి మానాన ఆడుంటాడు’. అందులో జాలీ లేదు, పొగడ్తా లేదు, ఫిర్యాదు అసలే లేదు. ‘నలుగుర్లో కలవడు’ అంటే మాత్రం ఫిర్యాదే. రాతలో ‘తన మానాన తానుండే మనిషి’ అనండి, ఆడామగా తేడా కూడా రాదు.

క్రియ దగ్గర జాగ్రత్త. ‘ఉండు’తోనే ఈ అర్థం. ‘వదిలేయ్’ చేర్చారా, తిరగబడుతుంది: ‘ముసలాయన్ని ఆయన మానాన వదిలేశారు’ అంటే పట్టించుకోలేదని.

టెక్కలి నుంచి: దొరికిందండీ. ‘తన మానాన తానుండే మనుషులు’ అని శీర్షిక పెట్టేస్తున్నా.

శ్రీకాకుళం నుంచి: మనుషులన్నాక ‘తమ మానాన తాముండే’ అనాలి. అది మార్చి పెట్టండి.