ఆంకోర్‌వాట్: ఒక్కరోజు టికెట్‌తో సూర్యోదయానికి వెళ్ళాలా, వద్దా?

దారిబత్తెం: కంబోడియా ప్రయాణంలో ఆంకోర్ గుళ్ళకి మాకు మిగిలేది ఒక్కరోజే. 37 డాలర్ల టికెట్. నాలుగున్నరకి బయల్దేరి సూర్యోదయం చూద్దామని సగం మంది, నిద్ర పాడు చేసుకోవడం దండగని సగం మంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

మందరగిరి: దండగే. గుడి ముఖం పడమరకి ఉంటుంది. పొద్దున సూర్యుడు గోపురాల వెనక నుంచి వస్తాడు, మీకు కనపడేది నల్లటి ఆకారం. చెక్కడం ఒక్కటీ తెలియదు. మధ్యాహ్నం మూడు దాటాక అదే ముఖం మీద ఎండ పడుతుంది, చూస్తే అప్పుడు చూడాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా అయితే వానలు, ఐదింటికి వెళ్ళి మబ్బుని చూసి రావడమే.

తొలికోడి: వెళ్ళండి. ఆ నల్లటి ఆకారం కోసమే జనం వచ్చేది. లోపలికి వెళ్ళేటప్పుడు ఎడమ చేతివైపు కొలను దగ్గర నిలబడాలి. టికెట్ గుడి దగ్గర అమ్మరు, ఊళ్ళో ఉన్న కేంద్రంలోనో ఆన్‌లైన్‌లోనో ముందే తీసుకోండి. సూర్యోదయం జూన్‌లో 5:40 ప్రాంతంలో, జనవరిలో 6:25 ప్రాంతంలో. దానికి ముప్పావుగంట ముందుండాలి.

గడపరాయి: కొలను దాకా ఎందుకు? నడిదారిలో నిలబడితే ఎదురుగానే ఉంటుందిగా.

తొలికోడి: ఎదురుగా నిలబడితే మూడు గోపురాలే కనపడతాయి, వెనక రెండూ ముందువాటి చాటున పడిపోతాయి. పక్కకి జరిగితేనే అయిదూ విడివిడిగా వస్తాయి. ఎండాకాలంలో నీళ్ళు తగ్గుతాయి, ప్రతిబింబం మీద ఆశ పెట్టుకోవద్దు.

గడపరాయి: కానీ మార్చి, సెప్టెంబరుల్లో పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు రోజున నడిదారి నుంచే కదా సూర్యుడు సరిగ్గా నడిగోపురం మీదకి వచ్చేది?

తొలికోడి: అవును, ఆ రోజుల్లో నడిదారే. అడిగినాయన ఏ నెలలో వెళ్తున్నారో చెప్పలేదు.

మందరగిరి: కొలను గొడవలో పడి గుడిని వదిలేశారు. తూర్పు గ్యాలరీ, అంటే తూర్పు వైపు స్తంభాల వసారా, దాని దక్షిణ భాగంలో క్షీరసాగరమథనం ఉంది, దాదాపు 49 మీటర్ల గోడ. నడుమ కూర్మం మీద మందరం, దాని ముందు విష్ణువు. వాసుకి తలవైపు అసురులు, తోకవైపు దేవతలు, తోక చివర వానరుడు. పొద్దుటి ఎండ స్తంభాల మధ్య నుంచి ఏటవాలుగా పడినప్పుడు ఆ బొమ్మలు గోడలోంచి పైకి లేస్తాయి, ఎండ ఎక్కాక చదునైపోతాయి. మీరు కొలను గట్టున సెల్ఫీ కోసం తోసుకుంటున్న గంటలో చూడాల్సింది అది.

తొలికోడి: అదే నేనూ అంటున్నా! సూర్యోదయం కాగానే జనమంతా హోటల్ టిఫిన్‌కి వెనక్కి పోతారు. మీరు పోకుండా నేరుగా తూర్పు గ్యాలరీకి నడిస్తే ఏడింటికి అక్కడ ఎవరూ ఉండరు. తెల్లవారుజామున లేచినవాడికే దక్కుతుంది.

మందరగిరి: దానికి నాలుగింటికి లేవక్కర్లేదు. ఆరున్నరకి టుక్‌టుక్ అతనికి తూర్పు ద్వారం అని గట్టిగా చెప్పండి. చెప్పకపోతే అలవాటుగా పడమటి వైపే దించుతాడు. అక్కడి నుంచి చెట్ల మధ్య మట్టిదారి, నేరుగా ఆ గ్యాలరీకే.

వానాకాలం: మా గైడ్ ఆ గోడ ముందు నిలబెట్టింది రెండు నిమిషాలు. కొలను దగ్గర మాత్రం గంట.

మందరగిరి: చూశారా? అందరూ చేసేది ఇదే. పడమటి గ్యాలరీలో కురుక్షేత్రం, లంకాయుద్ధం, దక్షిణాన గుడి కట్టించిన రాజు సూర్యవర్మ ఊరేగింపు, స్వర్గనరకాలు. గుడిని ఎడమవైపు ఉంచుకుని, అంటే అప్రదక్షిణంగా తిరగాలి. చెక్కిన వరస అదే. ఫోటో తీసుకుని బయటపడి, బాయన్ గుళ్ళో అరగంట, తా ప్రోమ్‌లో చెట్టు వేళ్ళ ముందు ఇంకో ఫోటో, ఆంకోర్ అయిపోయిందంటారు. దాన్ని చూడడం అనరు.

తొలికోడి: ఇక చాలండి. మీ కోపం సూర్యోదయం మీద కాదు, ఒక్కరోజు టికెట్ కొన్నవాళ్ళ మీద. మూడు రోజులుండలేనివాడు రాకూడదనే కదా మీ మాట? సెలవు దొరికినంతే దొరుకుతుంది. ఆయన అడిగింది ఒక్కరోజుని ఎలా వాడుకోవాలని, మీ దగ్గర పరీక్ష రాస్తానని కాదు.

మందరగిరి: రాకూడదని అనలేదు. ఒక్కరోజులో నాలుగు గుళ్ళు కుక్కడం దేనికి అంటున్నా. 62 డాలర్లకి మూడు రోజుల టికెట్ వస్తుంది, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. అదీ కుదరకపోతే ఆంకోర్‌వాట్ ఒక్కటే చూడండి, మిగతావి వదిలేయండి. నా మాట మార్చుకోను.

తొలికోడి: ఒక్క గుడే చూసి తిరిగొచ్చేవాళ్ళు ఎంతమంది ఉంటారో మీకూ తెలుసు.

వానాకాలం: ఒకటి మర్చిపోయారు ఇద్దరూ. సాయంత్రం అయిదు దాటాక కొంటే టికెట్ మీద మర్నాటి తేదీ పడుతుంది, ఆ సాయంత్రం కూడా లోపలికి వదులుతారు. ఆంకోర్‌వాట్ మూసేస్తారు గానీ ప్రే రూప్ గుడి ఏడింటిదాకా తెరిచే ఉంటుంది. సూర్యుణ్ణి చూడాలనుంటే అస్తమయం అక్కడ చూసేయండి, పొద్దున్న తూర్పు ద్వారానికి వెళ్ళండి.

దారిబత్తెం: ఇది బాగుంది, అలాగే చేస్తాం. ఆంకోర్‌వాట్ పై అంతస్తు ఎక్కడానికి ఏమైనా నియమాలున్నాయా? మాతో పదేళ్ళ పిల్లాడున్నాడు.

తొలికోడి: పన్నెండు లోపు పిల్లల్ని పైకి రానివ్వరు. వాడికి టికెట్ కూడా అక్కర్లేదు, వయసు చూపించడానికి పాస్‌పోర్ట్ ఉంచుకోండి. పెద్దవాళ్ళకి భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలుండాలి, పైన చున్నీ చుట్టుకుంటే ఒప్పుకోరు. బౌద్ధ పర్వదినాల్లో పై అంతస్తు పూర్తిగా మూసేస్తారు, తేదీ ముందే చూసుకోండి. మెట్లు బాగా నిటారు.

మందరగిరి: పిల్లాడితో ఒకరు కింద ఉండాలి కదా, వాళ్ళు ఆ సమయంలో లంకాయుద్ధం దగ్గర కూర్చోవచ్చు. వాడిలాగా గోల చేసే వానరాలు బోలెడున్నాయని వాడికి చెప్పండి.