మొదటి పాటలు రాయగానే బయటపెట్టాలా, కొన్నాళ్లు దాచుకోవాలా?

రెండో_చరణం:
మా తమ్ముడికి పదిహేడేళ్లు. గిటార్ పట్టుకుని సొంతంగా పాటలు రాసుకుంటాడు, బాణీ కూడా తనదే. ఫోన్‌లో రికార్డ్ చేసినవన్నీ నెట్‌లో పెట్టేస్తానని ఒకటే గొడవ. వాడికి సంగీతం నేర్పే మాస్టారేమో "తొందరేముంది, ఇంకా రాయనివ్వండి" అంటున్నారు. ఇంట్లో రెండు పార్టీలయ్యాం. మీరేమంటారు?

రాత్రి_రాగం:
పెట్టెయ్యమనండి. 2015లో "ఓషన్ ఐస్" పాటను సౌండ్‌క్లౌడ్ అనే పాటల సైట్‌లో పెట్టేనాటికి అమెరికన్ గాయని బిల్లీ ఐలిష్‌కి పదమూడేళ్లు. డ్యాన్స్ టీచర్ కోసం పెట్టిన పాట అది. 2020 గ్రామీల్లో నాలుగు ప్రధాన అవార్డులూ ఆమెకే వచ్చాయి. "ఇంకా పండలేదు" అని ఎవరైనా ఆపి ఉంటే?

మంద్ర_స్థాయి:
లాటరీ తగిలినవాళ్ల పేర్లు చెబితే ఎలా అండీ? పైగా ఆ పాట రాసింది ఆమె కాదు, అన్న ఫినియాస్. తన బ్యాండ్ కోసం రాసుకున్నది చెల్లెలికిచ్చాడు.

రాసేవాళ్ల గురించే మాట్లాడాలంటే బ్రిటిష్ గాయని కేట్ బుష్‌ని చూడండి. ఆమెకు పదహారేళ్లున్నప్పుడే పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్ తన ఖర్చుతో డెమో (కంపెనీలకు వినిపించే నమూనా రికార్డింగ్) చేయించాడు. తర్వాత ఈఎంఐ కంపెనీ ఒప్పందం రాసుకుంది, కానీ వెంటనే ఆల్బమ్ తీయలేదు. ఆ ఖాళీలో ఆవిడ పాటలు రాసింది, డ్యాన్స్ నేర్చుకుంది, పబ్బుల్లో బ్యాండ్‌తో పాడింది. 1978లో మొదటి సింగిల్ బ్రిటన్ చార్టులో నంబర్ వన్. సొంతంగా రాసుకున్న పాటతో ఆ స్థానానికి చేరిన తొలి మహిళ ఆవిడే. అప్పటికి వయసు పందొమ్మిది.

రాత్రి_రాగం:
అన్న రాస్తే ఏమైంది? ఆయనకీ అప్పటికి పద్దెనిమిదేళ్లే. కేట్ బుష్‌ని కంపెనీ డబ్బులిచ్చి మరీ కూర్చోబెట్టింది. ఇవాళ్టి కుర్రాడికి ఆ సౌకర్యం ఎవరిస్తారు? బయటపెట్టకపోతే వాడొకడున్నాడని ఎవరికి తెలుస్తుంది?

శ్రుతి_పెట్టె:
ఇద్దరూ పేర్లతో కొట్టుకుంటున్నారు, పాట సంగతి ఎవరూ ఎత్తడం లేదు. కొత్తగా రాసేవాళ్ల పాటలు నేను చాలా వింటుంటాను. లోపం ఎక్కడుందో కాగితం మీద కనబడదు. ఆమధ్య ఒకమ్మాయి పల్లవి చివర, స్వరం పైకెళ్లి నిలబడే చోట, "రేపు" అని రాసుకొచ్చింది. చదువుతుంటే ముచ్చటగానే ఉంది. పాడితే "పు" దగ్గర పెదాలు ముడుచుకుపోయి గొంతు నొక్కేసినట్టయింది. ముందున్న మాట తీసేసి "రేపటిదాకా" అని మార్చుకుంది. "కా" మీద నోరు తెరుచుకుంది, స్వరం హాయిగా నిలిచింది. ఇలాంటివి నలుగురి ముందు నిలబడి పాడితే ఇట్టే తెలిసిపోతాయి. వ్యూస్ చూసుకుంటూ కూర్చుంటే ఏడాదైనా తెలియవు. నెట్‌లో జనం మధ్యలో ఎందుకు ఆపేశారో చెప్పరు, వెళ్లిపోతారంతే. (లైకులు కొట్టే చుట్టాలను లెక్కలోకి తీసుకోకండి.)

రాత్రి_రాగం:
రెండూ చేయొచ్చుగా? పాడుతూనే పెట్టొచ్చు.

శ్రుతి_పెట్టె:
చేయొచ్చు. డబ్బు ఆశతో మాత్రం వద్దు. స్పాటిఫైలో గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు రాని పాటకి రికార్డింగ్ రాయల్టీ ఇవ్వరు. 2024 నుంచి అదే రూలు.

హక్కుల_సుబ్బారావు:
నెట్‌లో పెడితే కొంప మునగదు. మునిగేది సంతకాల దగ్గర. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. మాటలూ బాణీ ఒకటి, పాడి చేసిన రికార్డింగ్ ఇంకొకటి. ఈ రెండోదాన్నే మాస్టర్ అంటారు. టేలర్ స్విఫ్ట్ టీనేజ్‌లో రాసుకున్న కాంట్రాక్ట్ వల్ల మాస్టర్లు కంపెనీవయ్యాయి. 2019లో ఆ కంపెనీనే ఇంకొకరు కొనేసరికి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు వాళ్ల చేతికి వెళ్లాయి. పాటలు రాసింది తనే కాబట్టి 2021 నుంచి కొన్ని ఆల్బమ్‌లు మళ్లీ పాడి విడుదల చేయగలిగింది. పాత మాస్టర్లు తన చేతికొచ్చేసరికి 2025 అయింది. అంత స్తోమత ఎంతమందికుంటుంది?

ఇంకొకటి. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో కాపీరైట్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, పాట రాసినవాడికి హక్కు దానంతటదే వస్తుంది. కానీ రేపు పేచీ వస్తే రుజువు అడుగుతారు. తేదీలున్న డ్రాఫ్టులు, ఫోన్‌లోని తొలి రికార్డింగులు ఎంత చెత్తగా ఉన్నా డిలీట్ చేయొద్దని మీ తమ్ముడికి చెప్పండి.

రెండో_చరణం:
మంచి మాట చెప్పారు, వాడు సగం అప్పుడే డిలీట్ చేసేశాడు. ఇంకో చిక్కు. ఒక పాటకి వాడి ఫ్రెండ్ కీబోర్డ్ వాయించాడు. చరణం బాణీ తనదే అంటున్నాడట.

హక్కుల_సుబ్బారావు:
అయితే ఎవరి వాటా ఎంతో రాసుకుని ఇద్దరూ సంతకాలు చేసేదాకా ఆ పాట ఆపండి. ఫ్రెండే కదా అని మొహమాటపడితే, పాట హిట్టయ్యాక అడగడం ఇంకా కష్టం. మిగతావి మాస్టారితో తేల్చుకోండి.

మంద్ర_స్థాయి:
నా ఓటు మాస్టారికే.

రాత్రి_రాగం:
మీ ఓటు మీరు వేసుకోండి. తమ్ముడూ, లింక్ ఇక్కడ పెట్టు, నేను వింటా.